డస్క్ అంటే ఎంత చీకటి?

లేడీస్ హాస్టల్,
యూనివర్సిటీ క్యాంపస్, తార్నాక.
జూలై 22

వైదేహీ,

నీ నంబరుకి ఎప్పుడు చేసినా "కవరేజీ క్షేత్రంలో లేరు" అంటోంది. నిన్న హబ్సిగూడలో మీ ఇంటికి వెళ్ళాను. మీ అమ్మగారు పెసరట్టు వేసి పెట్టి, "దాని గురుకులం కొండల మధ్యన ఉందిటమ్మా. సిగ్నల్ కావాలంటే బస్సెక్కాలిట. ఉత్తరం రాయి, మేమంతా అలాగే బతికాం" అని అడ్రసు చెప్పారు. తార్నాక పోస్టాఫీసులో కవర్లు అడిగితే కౌంటర్లో పెద్దాయన, "రిజిస్టర్ పోస్టా, పరీక్ష ఫీజా?" అన్నాడు. "కాదు, దోస్తుకు రాయాలె" అన్నాను. కళ్ళద్దాలు పైకి తోసి నా వైపు చూసి, "మంచిది బిడ్డా" అని స్టాంపులు తానే అంటించి ఇచ్చాడు.

అసలు సంగతికి వస్తాను. ఈ ఏడు మా ఇంగ్లీషు డిపార్టుమెంటు నాటకం వేస్తోంది. మా సీనియరు సాకేత్ రాశాడు, డైరెక్టరు కూడా అతనే. ఒక ఇంట్లో సాయంత్రం కరెంటు పోతుంది. మళ్ళీ వచ్చేలోగా, ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకోని మాటలు బయటికొస్తాయి. అదీ కథ. నాకు వేషం రాలేదు. నా ఉచ్చారణ సంగతి బీఎడ్‌లో రెండేళ్ళు పక్క బెంచీలో కూర్చుని విన్నదానివి, నీకు వేరే చెప్పాలా.

కానీ దివాకరన్న నాకు ఇంకో పని అప్పగించాడు. ఆయన ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు. చూపు లేదు. క్యాంపస్‌లో చూపులేని విద్యార్థులు చాలామందే ఉన్నారు కదా, వాళ్ళు నాటకానికి వస్తే చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారట. వెనక గదిలో ఒకరు మైకు ముందు కూర్చుని, డైలాగుకీ డైలాగుకీ మధ్య దొరికే సందులో, స్టేజీ మీద ఏం జరుగుతోందో చెప్పాలట. ఆ ఒకరు నేను. నన్నెందుకన్నా అంటే, "మెస్సు లైన్ల నువ్వు ఎవరికో చెప్తుంటె విన్న. తార్నాక చౌరస్తల స్కూటర్ పోయి మామిడిపండ్ల బండికి తాకిందని. నాకు పండ్లు దొర్లుతున్నయి గూడ కనిపించినయ్" అన్నాడు.

అది తెలుగులో చెప్పాను వైదేహీ. ఇది ఇంగ్లీషులో చెప్పాలి. అదీ పుస్తకాల ఇంగ్లీషు పనికిరాదు, ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లీషు కావాలంటున్నారు. నాటకమంతా పొద్దు వాలడం, చీకటి పడటం, కొవ్వొత్తి వెలిగించడమే. చీకటికి ఇంగ్లీషులో నాకు తెలిసిన మాట డార్క్ ఒక్కటే. నీ దగ్గరున్నవన్నీ పంపు.

నీ
కరుణ

—

బాలికల గురుకుల పాఠశాల,
రాయిగూడ, ఆసిఫాబాద్ జిల్లా.
ఆగస్టు 6

కరుణా,

నీ ఉత్తరం తెచ్చిన బస్సు కండక్టరు గేటు దగ్గర నుంచే "ఇంగ్లీషు మేడంకు లెటర్ వచ్చింది" అని కేకేశాడు. చేత్తో రాసిన ఉత్తరం అనేసరికి స్టాఫ్‌రూములో అందరూ ఏదో పెళ్ళి సంబంధం అనుకున్నారు. నేను కాదనలేదు. అప్పటినుంచి కాస్త గౌరవం పెరిగింది.

మాటలు తీసుకో. పొద్దు కుంకాక, ఇంకా పూర్తిగా చీకటి పడకముందుండే కాసేపు డస్క్. దాన్నే కొంచెం ముద్దుగా అనాలంటే ట్విలైట్. వెలుతురు చాలకపోతే డిమ్. ఆ చాలకపోవడానికి దిగులు కూడా తోడైతే గ్లూమ్. ఏమీ కనపడకపోతే పిచ్ డార్క్; పిచ్ అంటే తారు, అంత నలుపన్నమాట. కొవ్వొత్తి వెలుగు నిలకడగా ఉంటే గ్లో, గాలికి అల్లాడితే ఫ్లికర్. ఇవన్నీ మామూలు ఇళ్ళలో వాడే మాటలే. ఒక్కోటీ పైకి అని చూసుకో. గ్లూమ్‌లో దీర్ఘం మరిచిపోకు. నువ్వు 'గ్లమ్' అంటే అది ఇంకో మాట.

చీకటి గురించి సరైన మనిషినే అడిగావు. ఇక్కడ దాని సరఫరాకు లోటు లేదు. కొంచెం గాలి వీచిందంటే కరెంటు పోతుంది. సోలారు దీపం ఒకటి ఉంది, అది దానికి బుద్ధిపుట్టినప్పుడు వెలుగుతుంది. ఏడు కాకముందే కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఆ చీకట్లోనే మా పిల్లలు గ్రౌండులో రింగు ఆట ఆడుతుంటారు. విసిరేవాళ్ళు, ఎగిరి పట్టుకునేవాళ్ళు, ఒకటే అరుపులు. ఎలా కనపడుతుందో ఏమిటో. కొండల్లో పుట్టిన పిల్లలు, పిల్లి కళ్ళు కాబోలు.

నేను మాత్రం ఆరున్నరకల్లా గదిలో చేరి తలుపేసుకుంటాను. మా ఇంట్లో నా పేరు నీకు తెలుసుగా, పిరికి వైదేహి. చిన్నప్పుడు సాయంత్రం మేడమీద బట్టలు తెమ్మంటే మా తమ్ముడు కిట్టుగాడిని తోడు పంపేవారు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. మెట్లు దిగుతూ వాడి చొక్కా పట్టుకునేదాన్ని. ఇప్పుడు పట్టుకోవడానికి చొక్కా లేదు. అంతే తేడా.

పగలంతా బావుంది. పిల్లలు బంగారాలు. ఎనిమిదో తరగతిలో భూదేవి అని ఒకతి ఉంది, నేను ఏ ఇంగ్లీషు మాట చెప్పినా "దాన్ని చేసి చూపియ్యండి మేడం" అంటుంది. నిన్న 'స్టంబుల్' కోసం కాలు తట్టుకుని తూలి చూపించాను. క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టింది.

నీ
వైదేహి

—

తార్నాక.
ఆగస్టు 19

వైదేహీ,

నీ మాటలన్నీ కంఠతా పట్టి మొదటి రిహార్సల్‌కి వెళ్ళాను. వినడానికి దివాకరన్న, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. కౌముది అని ఒకమ్మాయి, పొలిటికల్ సైన్సు, పుట్టినప్పటినుంచీ చూపులేదు. నేను మైకులో, "డస్క్. ద రూమ్ ఈజ్ డిమ్. గ్లూమ్ ఎవ్రీవేర్" అని నిదానంగా, దీర్ఘాలతో సహా చెప్పాను. చాలా బాగా చెప్పాననుకున్నాను.

అయిపోయాక కౌముది వచ్చి, "అక్కా, డిమ్ అంటే ఎంత?" అంది.

"తక్కువ వెలుతురు" అన్నాను.

"తక్కువంటె ఎంత? డస్క్ అంటే ఎంత చీకటి? నాకు వెలుగు తెల్వదక్కా. మనుషులు తెల్సు. గా వెలుగుల మనిషి ఏం చేస్తడు, ఏం చెయ్యలేడు, అది చెప్తె నాకు సమజైతది. నువ్వు డిక్షనరీ చదివినవ్."

పక్కనున్న వాళ్ళు నవ్వారు. కౌముది కూడా నవ్వింది, వెక్కిరింతగా కాదులే. అయినా అక్కడ ఉండలేకపోయాను. గేటు దాటి తార్నాక బస్టాపు దాకా నడిచి, అక్కడ నిలబడి కాసేపు ఏడ్చాను. పక్కన మిర్చీబజ్జీల బండి ఉంది. ఏడుపు, బజ్జీ రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి ఏడుపు ఆపాను.

తింటూ ఆలోచిస్తే కౌముది మాట నిజమే అనిపించింది. అసలు నేను సాయంత్రాన్ని చూసి ఎన్నాళ్ళయింది? ఇక్కడ పొద్దు ఇంకా ఉండగానే వీధిదీపాలు, షాపుల లైట్లు, మెట్రో స్టేషను లైట్లు. పగలు పోయి లైట్లు వస్తాయి, మధ్యలో ఏమీ ఉండదు. మా ఊళ్ళో చూసినదాన్నే, కానీ ఆరేళ్ళ హాస్టలు బతుకులో మరిచిపోయాను.

నువ్వున్న చోట లైట్లు లేవు. నాకో సాయం చెయ్యి. తలుపేసుకోకుండా ఒక రెండు మూడు సాయంత్రాలు వరండాలో కూర్చుని, పొద్దు కుంకినప్పటినుంచి ఎప్పుడు ఏది కనిపిస్తోందో, ఏది కనపడటం మానేసిందో చూసి రాయి. భయమైతే భూదేవిని పక్కన కూర్చోబెట్టుకో. ఇంగ్లీషు అక్కర్లేదు, తెలుగులోనే రాయి. ఇంగ్లీషు నేను చూసుకుంటాను.

నీ
కరుణ

—

రాయిగూడ.
సెప్టెంబరు 5

కరుణా,

నీకోసం కూర్చున్నాను. భూదేవిని పక్కన పెట్టుకునే కూర్చున్నాను. కానీ నేను నీకు పనికొచ్చేట్టు లేను.

పొద్దు కొండ వెనక్కి పోయింది. ఆకాశం కొంచెంసేపు ఎర్రగా ఉంది. అంతవరకు బాగా చూశాను. ఆ తర్వాత నిజం చెప్పాలంటే డస్క్ అనేదేదీ ఇక్కడ లేదు కరుణా. ఎవరో స్విచ్చి ఆపేసినట్టు అయిపోయింది. భూదేవి మాత్రం ఏకధాటిగా చెబుతూనే ఉంది. "గాడ రేగుచెట్టు కింద ఎవరో ఉన్నరు మేడం. ఎవరో తెలుస్తలేదు" అంది. నాకు రేగుచెట్టే తెలియడం లేదు. కాసేపటికి, "నడిచే తీరు చూస్తే మల్లన్న తాత లెక్క ఉన్నడు" అంది. మల్లన్న మా వాచ్‌మన్. దగ్గరికి వచ్చి "నమస్తే మేడం" అన్నాక, గొంతుబట్టి నాకూ తెలిసింది.

పిల్లల ముందు చిన్నబోకూడదని నేను కూడా "ఆఁ, అవును, మల్లన్నే" అన్నాను.

రెండోరోజు లేచి లోపలికి వెళ్తూ నీళ్ళ డ్రమ్మును గుద్దుకున్నాను. అది రోజూ ఉండే చోటే ఉంది. మూడోరోజు వరండా మెట్టు తప్పి పడ్డాను. మోకాలు దోక్కుపోయింది. భూదేవి పరుగెత్తుకొచ్చి లేపి, "స్టంబుల్ మల్ల చేసి చూపిచ్చిన్రా మేడం?" అంది. నవ్వాను. గదిలోకి వచ్చాక నవ్వు రాలేదు.

కొవ్వొత్తి సంగతి కూడా రాస్తున్నాను. వెలిగిస్తే నాకు మంట కనిపిస్తుంది. మంట మాత్రమే. పక్కనున్న గ్లాసు చెయ్యి తగిలి పడితేగాని అక్కడ ఉందని తెలియదు. నవలల్లో ఈ వెలుగులో కూర్చుని ప్రేమలేఖలు ఎలా రాసుకున్నారో నాకు అర్థం కాదు.

ఇంకో మాట, నీతోనే అంటున్నాను, ఎవరికీ చెప్పకు. దసరా సెలవులకి వచ్చాక నేను తిరిగి ఇక్కడికి రాకపోవచ్చు. నాన్నగారు హబ్సిగూడలో ఎవరో స్కూలు వాళ్ళతో మాట్లాడారు. ఈ పిల్లల్ని వదలడం ఇష్టం లేదు. కానీ పదేళ్ళ పిల్లలు తిరిగే చీకట్లో టీచరు గోడ పట్టుకుని నడిస్తే బాగుంటుందా? భయాన్ని చంపుకోవాలనే ఇంత దూరం వచ్చాను. చావలేదు. పెరిగింది.

నీ
వైదేహి

—

తార్నాక.
సెప్టెంబరు 14

వైదేహీ,

నీ ఉత్తరం అందింది. భూదేవి అన్న మాటని, చెట్టు బదులు తలుపు పెట్టి, ఇంగ్లీషులోకి తిప్పి రిహార్సల్లో చెప్పాను. "సమ్‌బడీ ఈజ్ ఎట్ ద డోర్. యూ కాంట్ టెల్ హూ." డస్క్ అన్న మాటే ఎత్తలేదు. కౌముది బల్ల మీద చెయ్యి చరిచి, "ఇగో, గిది డస్క్" అంది.

నాకు కొన్ని సంగతులు కావాలి. రాత్రి ఆకాశంలో నీకు చుక్కలు కనిపిస్తాయా, కనిపిస్తే ఎన్ని? రోజూ ఉండే వస్తువులకి తగులుకోవడం పగలు కూడా జరుగుతుందా, ముఖ్యంగా పక్కన ఉన్నవాటికి? మనం సినిమాకి వెళ్ళినప్పుడు లైట్లు ఆర్పకముందే లోపల ఉండాలని ఎప్పుడూ గొడవ చేసేదానివి, ఎందుకు?

వెంటనే రాయి. రాజీనామా మాట అప్పటిదాకా ఎవరి దగ్గరా అనకు.

కరుణ

—

రాయిగూడ.
సెప్టెంబరు 23

కరుణా,

ఇది ఉత్తరమా, ఇంటర్వ్యూనా? నా మోకాలు ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు. చుక్కలు ఎన్ని అంటున్నావు. బాగా మెరిసేవి నాలుగైదు కనిపిస్తాయి. అందరికీ అంతేగా? లెక్కలేనన్ని చుక్కలని రాసేవాళ్ళు రాస్తారు, నేను నమ్మను. పగలు తగులుకోవడం అంటే, బల్లల మూలలకి, పక్కనుంచి వచ్చే పిల్లలకి తగులుతూనే ఉంటాను. అమ్మ నన్ను "పరధ్యానం పాపాయి" అంటుంది. సినిమాహాల్లో దీపాలు ఆరాక మెట్లు కనపడవు కాబట్టి ముందే వెళ్ళాలంటాను. ఎవరికి కనపడతాయేమిటి?

నువ్వు ఏదో దాస్తున్నావు. నా ఉత్తరం అక్కడ ఎవరెవరికి చదివి వినిపించావో కూడా నాకు తెలియదు. నా పిరికితనం మీ నాటకానికి పనికొచ్చిందంటే సంతోషమే. కానీ నాతో మాట్లాడేటప్పుడు తిన్నగా మాట్లాడు. చుట్టూ తిప్పితే నాకు నచ్చదని నీకు తెలుసు.

వైదేహి

—

తార్నాక.
సెప్టెంబరు 28

వైదేహీ,

కోపం రావడం సబబే. తిన్నగా రాస్తున్నాను.

నీ ఉత్తరంలో సాయంత్రం సంగతి రాసిన భాగం దివాకరన్నకీ కౌముదికీ చదివి వినిపించాను. రాజీనామా మాట చదవలేదు. పని కోసమే చదివాను. భూదేవి మాటల దగ్గర అందరం నవ్వుకున్నాం. నీళ్ళ డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి దివాకరన్న నవ్వడం లేదు. "మల్లొక్కసారి చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. "ఆ పిల్లకు చెట్టు కింద మనిషి కనిపించిన టైముల, ఈమెకు చెట్టు గూడ కనిపించలేదా?" అన్నాడు. లేదన్నాను. ఆయన "నాకు గూడ గట్లనే షురూ అయింది" అన్నాడు.

చిన్నప్పుడు లాలాగూడలో పిల్లలంతా పొద్దు మునిగాక ఆడుతుంటే, ఆయనకి బంతి కనపడేది కాదట. బంతి వదిలేస్తున్నాడని జట్టులోంచి తీసేశారట. చీకటంటే భయమని ఇంట్లో కూడా అనుకున్నారట. దానికి రేచీకటి అని పేరుందని ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన చెప్పాక నీ మొదటి ఉత్తరం తీసి చదివాను. ఏడు కాకముందే కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి అని రాశావు. ఆగస్టులో ఏడింటికి మా ఊళ్ళో మా అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. నువ్వు చెప్పిన చీకటి ఆ వేళకి ఇంకా రాదు వైదేహీ. మీ పిల్లలవి పిల్లి కళ్ళు కావు. రింగు కనిపిస్తుంది కాబట్టి పట్టుకుంటున్నారు. మబ్బులేని రోజు మీ కొండల్లో చుక్కలు నిజంగానే లెక్కలేనన్ని ఉంటాయి.

మొన్న ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు. తప్పయితే నిన్ను ఊరికే భయపెట్టినదాన్నవుతాను, ఒప్పయితే ఎలా చెప్పాలో తెలియదు. అందుకే ప్రశ్నలు వేశాను. దివాకరన్న ఒకటే మాట గట్టిగా చెప్పమన్నాడు. "అందరికీ నా లెక్కనే కావాలని లేదు. ఊకె భయపడొద్దు. గని చూపెట్టుకోవాలె, ఆలస్యం చెయ్యొద్దు."

దసరా సెలవులకి రాగానే కళ్ళాసుపత్రికి వెళ్ళు. నేను బతుకమ్మకి ఊరికి పోతున్నాను. నువ్వు రమ్మంటే మానేసి ఉంటాను.

మోకాలు ఎలా ఉంది?

నీ
కరుణ

—

హబ్సిగూడ.
అక్టోబరు 12

కరుణా,

ఫోను పనిచేసే చోట ఉండి కూడా ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే మధ్యలో ఏడుస్తాను, నువ్వు కూడా ఏడుస్తావు, ఇద్దరికీ ఏమీ వినపడదు.

ఆసుపత్రిలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారు. పెద్ద గిన్నెలా ఉంది. లోపలికి చూస్తూ, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఎదురుగా వచ్చినవాటికి నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. "ఆగిపోయిందాండీ?" అని అడిగాను. ఆ అమ్మాయి మెల్లగా, "లేదు మేడం, నడుస్తంది" అంది. అప్పుడు తెలిసింది నాకు, నువ్వు రాసింది నిజమని.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. రేచీకటే. పుట్టుకతో వచ్చినది, మెల్లగా సాగేది. పోయినదాన్ని తెచ్చే మందు ఇప్పటికి లేదు. పక్కచూపు కొంచెం తగ్గింది. పగటిచూపు, చదువుకునే చూపు బాగా ఉన్నాయి, చాలా ఏళ్ళు ఉండవచ్చు, ఎన్నేళ్ళని తను చెప్పలేనంది. ఏడాదికోసారి చూపించుకోవాలి. "ఉద్యోగం చెయ్యొచ్చా?" అని నాన్నగారు అడిగితే, "ఎందుకు చెయ్యకూడదు?" అంది. కిట్టుగాడిని కూడా పరీక్ష చేశారు. వాడికి లేదు.

ఇంటికి వచ్చాక అమ్మకి ఏదో గుర్తొచ్చింది. నాన్నగారి మేనత్త ఒకావిడ తెనాలిలో ఉండేది, దీపాలు పెట్టాక గడప దాటేది కాదట. "మడి, ఆచారం అనుకున్నామే. ఆవిడ కూడా అనుకోనిచ్చింది" అంది అమ్మ. ఆ మాటకి ఇద్దరం ఒకళ్ళ నొకళ్ళం పట్టుకుని ఏడ్చాం.

ఏడ్చి లేచి ముఖం కడుక్కుంటుంటే, అద్దంలో చూసుకుంటూ ఒక్కసారిగా అనిపించింది. నేను పిరికిదాన్ని కాదు కరుణా. ఇరవై ఆరేళ్ళనుంచి అందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఏమీ కనపడని చీకట్లో మేడ మెట్లు దిగాను, సినిమాహాల్లో నడిచాను, కొండల్లోకి ఉద్యోగానికి వెళ్ళాను. కనపడకుండానే ఇవన్నీ చేసినదాన్ని పిరికిది అంటారా? బయటికి వచ్చి ఇదే మాట నాన్నగారితో అన్నాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "కాదమ్మా. మాదే పొరపాటు" అన్నారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. సాయంత్రం బజారుకి వెళ్ళి టార్చిలైట్లు కొనుక్కొచ్చారు. తలకి కట్టుకునేది, మెడలో వేసుకునేది, జేబులో పెట్టుకునేది. నేను బొగ్గు గనిలో దిగుతున్నాననుకున్నారేమో.

నిన్న తార్నాకలో దివాకర్ గారిని కలిశాను. నంబరు ఇచ్చింది నువ్వేగా. ఇరానీ హోటల్లో టీ తాగాం. ఆయన ఓదార్చలేదు, అందుకు నాకు ఎంతో హాయిగా ఉంది. "ఇప్పటిసంది పది మందికి చెప్పుండ్రి. దాసుకుంటేనే దెబ్బలు తగుల్తయి. నేను దాసి రెండు పండ్లు పోగొట్టుకున్న" అని ముందు పళ్ళు చూపించాడు. కట్టుడు పళ్ళట. బాగానే కుదిరాయి.

హబ్సిగూడ స్కూలు వాళ్ళకి వద్దని చెప్పేశాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు జంతికలు వండటం మొదలుపెట్టింది, అంటే ఒప్పుకున్నట్టే. సెలవులు అయిపోగానే వెళ్తున్నాను. మీ నాటకం చూడలేను. నువ్వు రాయి.

ఆ ప్రశ్నల ఉత్తరానికి నేను రాసిన జవాబు చించెయ్యి.

నీ
వైదేహి

—

తార్నాక.
నవంబరు 24

వైదేహీ,

చించను.

నాటకం నిన్న అయింది. చూపులేనివాళ్ళకి వెనక రెండు వరసలు. బాగ్‌లింగంపల్లి నుంచి కూడా కొందరు వచ్చారు. నేను అద్దాల గదిలో మైకు ముందు కూర్చున్నాను. మొదట్లో ఒక డైలాగు మీద నా మాట పడింది, తర్వాత సర్దుకున్నాను.

గ్లూమ్, ట్విలైట్ ఏవీ వాడలేదు. నాకు వచ్చిన చిన్న ఇంగ్లీషులోనే చెప్పాను. తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: పొద్దు పోయింది. ఇంకా ఎవరూ దీపం పెట్టలేదు. నాన్న పేపరు కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు పక్కన పెట్టేశాడు. కొడుకు గోడ తడుముతూ వస్తున్నాడు. కొవ్వొత్తి వెలిగింది. బల్ల చుట్టూ ముఖాలూ చేతులూ ఉన్నాయి, మనుషులు లేరు. అమ్మ వెనక్కి వాలింది. అమ్మ ఇప్పుడు కనపడటం లేదు.

ఒక సీనుంది. కూతురు "నేను బాగానే ఉన్నాను, ఇల్లు వదిలి ఎక్కడికీ వెళ్ళను" అంటుంది. గొంతు నిబ్బరంగానే ఉంటుంది. కానీ కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి వణుకుతుంది, గోడ మీద నీడలు ఊగుతాయి. హాల్లో అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. నేను, "ఆమె చెయ్యి వణుకుతోంది. ఇల్లంతా ఊగుతోంది" అన్నాను. వెనక రెండు వరసల్లోంచి "అయ్యో" అని వినపడింది. ముందు వరసలవాళ్ళు ఏమైందా అని వెనక్కి తిరిగి చూశారు.

అయిపోయాక కౌముది నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "అక్కా, నాకు చీకటి గింత పెద్దగుంటదని తెల్వదు. దాంట్ల ఇన్ని రకాలున్నయా?" అంది. నేను "ఉన్నయి, మెల్లగ అన్ని చెప్త" అన్నాను. సాకేత్ వచ్చి వచ్చే ఏడు నాకు వేషం ఇస్తానన్నాడు. వద్దన్నాను. నాకు ఈ గదే బాగుంది.

తిరిగి వెళ్ళాక ఎలా ఉంది? ఎవరికైనా చెప్పావా? మెడలో టార్చి వేసుకుంటున్నావా?

నీ
కరుణ

—

రాయిగూడ.
డిసెంబరు 9

కరుణా,

చెప్పాను. మొదటిరోజే ప్రార్థనలో అందరిముందు చెప్పేశాను. "పొద్దు కుంకాక నాకు కళ్ళు కనపడవు. ఇది భయం కాదు, నా కళ్ళు అంతే. అప్పుడు నాకు సాయం కావాలి" అన్నాను. పిల్లలు గుసగుసలాడారు. భూదేవి చెయ్యెత్తి, "గట్లయితే మల్లన్న తాత మీకు కనిపించలేదా మేడం ఆ రోజు?" అంది. లేదన్నాను. "మరి అవునన్నరు గద?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతకంటే కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

మా ప్రిన్సిపాల్ సుధామయి గారు భారీ మనిషి. నవ్వగా ఎవరూ చూడలేదు. నేను చెప్పింది విని తలాడించి, తన గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు వరండా మెట్ల అంచులకి తెల్లరంగు వేయించింది. నీళ్ళ డ్రమ్ము గోడ వారకి జరిపించింది.

ఇప్పుడు పొద్దుండగానే తలుపేసుకోవడం లేదు. పిల్లలతో వరండా మెట్ల మీద కూర్చుంటాను. వాళ్ళకి కనిపించేవి నాకు ఇంగ్లీషులో చెప్పాలి, అదీ షరతు. క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడుతున్నారు. తప్పు చెబితే నేను దెబ్బ తింటాను కాబట్టి జాగ్రత్తగా మాట వెతుక్కుంటున్నారు. "స్టోన్, మేడం. లెఫ్ట్ లెగ్, మేడం. నో నో, అదర్ లెఫ్ట్."

నిన్న కూర్చున్నాం. ఎండ ఎక్కడిదాకా ఉందో, ఎప్పుడు పోయిందో చెప్పారు. కొంగలు వెళ్ళాయన్నారు. వంటగది పొగ తెల్లగా ఉందన్నారు, తర్వాత కనపడటం లేదన్నారు. ఇంతలో భూదేవి నా మోచెయ్యి పట్టుకుని, "సంథింగ్ బిగ్ ఈజ్ కమింగ్, మేడం" అంది.

"హూ?" అన్నాను.

"కాంట్ టెల్, మేడం. డస్క్, మేడం."

"బఫెలోనా?"

"మే బీ, మేడం. వెరీ స్లో."

పిల్లలు ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు. ఎదురుగా సుధామయి గారి గొంతు, "బఫెలో కాదు, ప్రిన్సిపాల్" అంది.

"ఏందిది?" అని అడిగింది. "ఇంగ్లీషు క్లాసండీ" అన్నాను. చీర సర్దుకున్న చప్పుడైంది, నా పక్కన మెట్టు మీద ఎవరో బరువుగా కూర్చున్నట్టు తెలిసింది.

"కూసోండి. ఇంకేమేం కనిపిస్తున్నయో చెప్పుండ్రి మేడంకు" అంది.

మొదట భూదేవి మొదలుపెట్టింది, తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. పూర్తిగా చీకటి పడిందని వాళ్ళు చెప్పేదాకా అందరం అక్కడే కూర్చున్నాం.

నీ
వైదేహి